నాలుగు కోళ్ళు, ఒక బెంగళూరు ఇల్లు: ఏ జాతి తెచ్చుకోవాలి, ఏ వయసులో తెచ్చుకోవాలి

హొరమావు, కె.ఆర్.పురం, రామమూర్తినగర్, విద్యారణ్యపుర వైపు సొంత ఇల్లు ఉండి, వెనక కాస్త ఖాళీ ఉన్న తెలుగువాళ్ళు ఈమధ్య తరచుగా అడిగే ప్రశ్న ఇది: "ఓ నాలుగు కోళ్ళు పెంచుకుందామనుకుంటున్నాం, ఏవి తెచ్చుకోమంటారు?" అడిగేలోపే చాలామంది ఏ జాతి ఏడాదికి ఎన్ని గుడ్లు పెడుతుందో ఫోన్లో చూసేసి ఉంటారు. ఆ లెక్క కావలసిందే. కానీ సిటీలో దానితో మొదలుపెడితే ఇబ్బంది పడతారు.

ఊళ్ళో అయితే మగ కోడిపిల్లలు ఎక్కువైతే కూరకు పోతాయి. గుడ్లు మానేసిన పెట్ట కూడా ఏదో తిని పెరట్లో తిరుగుతూనే ఉంటుంది, దానికి ప్రత్యేకంగా ఖర్చేమీ ఉండదు. ఇక్కడ గోడ పక్కనే ఇంకో ఇంటి బెడ్‌రూమ్ కిటికీ. తెల్లవారుజామున నాలుగింటికి పుంజు కూస్తే వారం తిరక్కుండా పక్కింటివాళ్ళు మీ గేటు దగ్గర ఉంటారు. ఉన్న కాస్త చోటులో గుడ్లు పెట్టని కోళ్ళు నిండిపోతే కొత్తవి తెచ్చుకోవడానికి వీలుండదు. అందుకని జాతి గురించి ఆలోచించే ముందు ఇంట్లో అందరూ కూర్చుని రెండు విషయాలు తేల్చుకోండి. మగవి వస్తే ఏం చేస్తాం? గుడ్లు తగ్గాక ఏం చేస్తాం? కోసుకు తినే ఇల్లయితే ఒక దారి, పిల్లలు పేర్లు పెట్టి పిలుచుకునే ఇల్లయితే ఇంకో దారి. రెండూ సరైనవే. కానీ ఆ జవాబును బట్టి తెచ్చుకోవలసిన కోడి మారిపోతుంది.

ఇంకో అనుమానం కూడా ముందే తీర్చేస్తాను. గుడ్లకు పుంజు అక్కర్లేదు. పుంజు లేకపోయినా పెట్ట తన లెక్క ప్రకారం గుడ్లు పెడుతుంది. అవి పొదిగితే పిల్లలు కావు, అంతే. కాబట్టి 30×40 అడుగుల సైటులో పుంజు వద్దు. పెట్టలు కూడా గుడ్డు పెట్టాక కొద్దిసేపు గట్టిగానే అరుస్తాయి. అది పగటిపూట అరుపు కాబట్టి ఎవరికీ నిద్ర చెడదు.

జాతుల సంగతి

గుడ్ల కోసమే పెంచాలనుకుంటే మొదట వినబడే పేరు బీవీ 380. వెంకటేశ్వర హేచరీస్ వాళ్ళ బ్రౌన్ లేయర్, అంటే గుడ్ల కోసమే తయారుచేసిన కోడి ఇది. ఒళ్ళు గోధుమరంగు, గుడ్డూ గోధుమరంగే. మంచి దాణా పెడితే ఏడాదికి 280 నుంచి 300 గుడ్లు. 18-20 వారాల వయసులో మొదలుపెడుతుంది, పొదుగుకు కూర్చోదు, గోడలు ఎగరదు, మనిషికి త్వరగా మచ్చికవుతుంది. పిల్లలు ఎత్తుకుని తిరుగుతామన్నా ఒప్పుకుంటుంది. మొదటిసారి పెంచేవాళ్ళకు ఇంతకంటే సులువైన కోడి లేదు.

అయితే అన్ని గుడ్లు పెట్టే కోడికి తిండిలో సున్నం (కాల్షియం) చాలకపోతే ఒంట్లోని సున్నాన్నే తీసి పెంకు కడుతుంది. లేయర్ దాణా (గుడ్లు పెట్టే కోళ్ళ కోసం సున్నం కలిపి చేసేది) మానేసి మిగిలిన అన్నం, కూరగాయల తొక్కులతో సరిపెడదామంటే కొన్ని వారాల్లోనే పెంకు పల్చబడుతుంది, తర్వాత కోడి కాళ్ళలో బలం తగ్గుతుంది. రెండేళ్ళు దాటాక గుడ్లు బాగా తగ్గుతాయి. గుడ్డు లోపల ఇరుక్కోవడం, కడుపులో నీరు చేరడం లాంటి బాధలు ఈ రకం కోళ్ళలో ఎక్కువ. పేరు పెట్టి పెంచుకున్న కోడి అలా బాధపడుతుంటే చూడడం కష్టం. కోడిని ప్రేమగా ఆరేడేళ్ళు ఉంచుకోవాలనుకునే ఇంటికి నేను దీన్ని సిఫార్సు చేయను. రెండేళ్ళు గుడ్లు తీసుకుని ఆ తర్వాత కూరకు వాడుకోవడానికి అభ్యంతరం లేని ఇంటికి ఇదే సరైనది.

రెండో రకం, నా ఉద్దేశంలో బెంగళూరులో ఉన్న మనవాళ్ళకు బాగా నప్పేది, హెబ్బాళ వెటర్నరీ కాలేజీ తయారుచేసిన కోళ్ళు: గిరిరాజ, స్వర్ణధార. పెరటి పెంపకం కోసమే రూపొందించినవి. రంగురంగుల ఈకలతో చూడడానికి నాటుకోడిలాగే ఉంటాయి. గిరిరాజ ఏడాదికి 130-150 గుడ్లు పెడుతుంది. ఆ తర్వాత 2005లో వచ్చిన స్వర్ణధార 180 దాకా పెడుతుంది. గిరిరాజ ఒళ్ళు బరువు ఎక్కువ, పిల్లి వెంటపడితే తప్పించుకోలేదు. స్వర్ణధార దానికంటే తేలిక, చురుకు. రెండూ ఇంట్లో మిగిలినవి, ఆకుకూరల కాడలు, పురుగులు తిని నెట్టుకొస్తాయి. బీవీ 380 లాగా దాణా ఒక రోజు అటూ ఇటూ అయితే కుంగిపోవు.

ఈ రెండింటిలో స్వర్ణధారే తీసుకోండి. గిరిరాజకు తిండి ఎక్కువైతే కొవ్వు పట్టి గుడ్లు తగ్గిపోతాయి. ఎత్తు నుంచి దూకితే ఆ బరువుకు అరికాలు వాచి పుండవుతుంది కాబట్టి వాలే కర్ర రెండడుగులకు మించకూడదు. మాంసం కూడా కావాలనుకునేవాళ్ళకు మాత్రం గిరిరాజ మంచిదే.

అనంతపురం, చిత్తూరు వైపు నుంచి వచ్చినవాళ్ళు వనరాజా, గ్రామప్రియ తెచ్చుకుందామంటారు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ రూపొందించిన రకాలవి, మన రాష్ట్రాల్లో బాగా పేరున్నవి. వనరాజా మాంసానికీ గుడ్లకూ, గ్రామప్రియ ముఖ్యంగా గుడ్లకు. మంచి కోళ్ళే. కానీ అంతదూరం నుంచి బస్సులో అట్టపెట్టెలో పిల్లల్ని తీసుకురావడం అనవసరమైన టెన్షన్. హెబ్బాళలోనూ, హెసరఘట్టలోని కేంద్ర ప్రభుత్వ కోళ్ళ కేంద్రంలోనూ ఇలాంటి పెరటి రకాలే ఉంటాయి. అక్కడ ముందుగా ఫోన్ చేసి ఏ వారం పిల్లలు వస్తాయో కనుక్కుని వెళితే చాలు.

ఇక నాటుకోడి. ఊరి మీద బెంగతో చాలామంది ఇదే కావాలంటారు. ఏడాదికి 50-70 గుడ్లు, అవీ చిన్నవి, విడతలు విడతలుగా. ఒక విడత పెట్టగానే పొదుగుకు కూర్చుంటుంది. 21 రోజులు పొదుగు, తర్వాత పిల్లల్ని తిప్పుకోవడం, అంతకాలం మళ్ళీ గుడ్డు ఉండదు. కాంపౌండ్ గోడ ఎక్కడం దీనికి పెద్ద పనేం కాదు. ఒకవైపు రెక్క పొడుగు ఈకలు కత్తిరిస్తే కొన్నాళ్ళు ఆగుతుంది, కొత్త ఈకలు రాగానే మళ్ళీ మొదలు. కానీ గద్ద నీడ పడితే చాలు పొదలోకి దూరేస్తుంది. ఆ తెలివి వేరే రకాల్లో కనబడదు. గుడ్లు పొదిగించి పిల్లల్ని చూడాలని ఉంటే ఇంట్లో ఒక్క నాటుపెట్ట చాలు. అది పొదుగుకు వచ్చినప్పుడు పుంజులతో కలిసి పెరిగిన గిరిరాజ లేదా స్వర్ణధార కోళ్ళ గుడ్లు తెచ్చి దానికింద పెడితే తన పిల్లల్లాగే సాకుతుంది. మా ఇంట్లో స్వర్ణధార పెట్టలతోపాటు ఒక నాటుపెట్ట ఉండడానికి కారణం ఇదే.

కడక్‌నాథ్ గురించి అడిగేవాళ్ళు కూడా ఉన్నారు. మధ్యప్రదేశ్ ఝాబువా ప్రాంతపు నల్లకోడి, 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మాంసం నలుపు, గుడ్డు మాత్రం నల్లగా ఉండదు. గుడ్లు తక్కువ, పొదగడం అంతంతమాత్రం, ధర ఎక్కువ. నలుగురు మనుషుల ఇంటికి గుడ్ల కోసం ఇది ఎందుకూ పనికిరాదు. పందెం జాతి అసిల్‌ను సిటీ ఇంట్లో పెట్టుకోవద్దని వేరే చెప్పనక్కర్లేదు.

నాలుగు పెట్టల లెక్కలో చూడండి. నెలకు సగటున బీవీ 380 అయితే వంద గుడ్లకు దగ్గరగా వస్తాయి, స్వర్ణధార అయితే అరవై దాకా, నాటువి అయితే ఇరవై. దాణా కోడికి రోజుకు 110 గ్రాముల చొప్పున నాలుగింటికీ నెలకు 13 కిలోలు. నాటువి తక్కువ తింటాయి, స్వర్ణధారకు ఇంటి మిగుళ్ళు కొంత కలిసొస్తాయి. నలుగురున్న ఇంట్లో రోజూ రెండు గుడ్లు చాలు. వంద గుడ్లు వచ్చినప్పుడు సగం పంచడానికే సరిపోతుంది. పక్కింటివాళ్ళు గుడ్డు తినేవాళ్ళయితే ఆ పంపకం కూడా పనికొచ్చేదే అనుకోండి.

గోధుమరంగు గుడ్డులో బలం ఎక్కువని, తెల్లదానిలో తక్కువని అనుకోవద్దు. పెంకు రంగు జాతిని బట్టి వస్తుంది. పచ్చసొన రంగు తిండిని బట్టి. మునగాకు, తోటకూర పెడితే ఏ కోడి గుడ్డయినా సొన చిక్కటి పసుపులో ఉంటుంది.

ఒకరోజు పిల్లలా, ఎదిగిన పెట్టలా

నన్నడిగితే జాతి కంటే ఇదే పెద్ద నిర్ణయం. ఒకరోజు పిల్లలు చవక, ముద్దు. కానీ గిరిరాజ, స్వర్ణధార, వనరాజా లాంటివి మామూలుగా ఆడ మగ వేరు చేయకుండానే అమ్ముతారు. ఆరు పిల్లలు తెస్తే మూడు మగవి అయ్యే అవకాశం ఉంది. రెండు మూడు నెలలకు కూత మొదలయ్యేసరికి ఇంట్లో పిల్లలు వాటికి అలవాటుపడిపోయి ఉంటారు. మొదట్లో చెప్పిన ప్రశ్న అప్పుడు ఎదురవుతుంది. బ్రౌన్ లేయర్లను హేచరీలోనే వేరు చేసి ఆడవే ఇస్తారు కాబట్టి ఆ జాతికి ఈ బాధ లేదు.

వీధుల్లో బుట్టలో పెట్టి గులాబీ, ఆకుపచ్చ రంగులు వేసి అమ్మే పిల్లల్ని మాత్రం కొనకండి. అవి ఎక్కువగా లేయర్ హేచరీలు పనికిరావని తీసేసిన మగపిల్లలు. బతికినా గుడ్డు పెట్టవు.

పిల్లలకు వెచ్చదనం కావాలి. మొదటి వారం 35 డిగ్రీల దగ్గర, తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించాలి. బెంగళూరులో డిసెంబరు, జనవరి రాత్రులు 15-16కు పడిపోతాయి. ఇప్పుడు ఇళ్ళల్లో ఉన్నవన్నీ ఎల్‌ఈడీ బల్బులు, వాటి నుంచి చాలినంత వేడి రాదు. పాతకాలపు ఫిలమెంట్ బల్బు 60 లేదా 100 వాట్లది వెతికి తెచ్చుకోవాలి, లేదంటే కోళ్ళ సామాను దొరికేచోట బ్రూడర్ బల్బు అడగాలి. వేడి సరిపోయిందో లేదో పిల్లలే చెబుతాయి. బల్బు కింద ఒకదానిమీద ఒకటి ఎక్కి కీచుమంటుంటే చలి. అట్టపెట్టె అంచులకు అతుక్కుని నోరు తెరిచి ఒగరుస్తుంటే వేడి ఎక్కువ. అక్కడొకటి ఇక్కడొకటి పడుకుని, మధ్యమధ్య లేచి తింటుంటే సరిగ్గా ఉన్నట్టు. కింద నున్నటి న్యూస్ పేపర్ పరిస్తే కాళ్ళు జారి పక్కలకు విచ్చుకుపోతాయి. పాత నూలుగుడ్డ గానీ వరిపొట్టు గానీ పరవండి.

దీనికంటే పెద్ద చిక్కు టీకాలది. కొక్కెర తెగులుకు (రాణిఖెట్) మొదటి వారంలో లసోటా టీకా చుక్క, రెండో వారంలో గంబోరో అనే ఇంకో తెగులుకు టీకా, నాలుగో వారంలో మళ్ళీ లసోటా, ఎనిమిది వారాలకు కొక్కెర తెగులుకే ఆర్2బి అనే టీకా. ఇవి కొన్ని వందల కోళ్ళకు సరిపడే సీసాల్లో వస్తాయి. కలిపిన తర్వాత ఒకటి రెండు గంటల్లో వాడేయాలి, అప్పటిదాకా ఐస్‌లో ఉంచాలి. ఆరు పిల్లల కోసం అంత సీసా కొని మిగతాది పారబోయడం తప్పదు. టీకా మానేస్తే కొక్కెర తెగులు వచ్చినప్పుడు మందు లేదు. పచ్చటి విరేచనాలు, మెడ తిరిగిపోవడం, రెండు మూడు రోజుల్లో గూడు ఖాళీ.

ఇవన్నీ చూస్తే సిటీలో ఉద్యోగాలు చేసుకునే ఇంటికి ఎనిమిది నుంచి పన్నెండు వారాల ఆడవి, టీకాలు అయినవి, కొనుక్కోవడమే నయం. పిల్ల ధరకు ఎన్నో రెట్లు అవుతుంది, నిజమే. కానీ బల్బు, పొట్టు, టీకా సీసాలు, చనిపోయేవి, కూత మొదలయ్యాక వదిలించుకోవలసిన మగవి, అన్నీ కలిపితే తేడా పెద్దగా మిగలదు. పిల్లల్ని పెంచే ఆనందమే కావాలంటే ఇద్దరు ముగ్గురు కలిసి ఒకేరోజు తెచ్చుకుని టీకా సీసా పంచుకోండి. వేసవి మొదట్లో, ఫిబ్రవరి చివరా మార్చిలో తెస్తే రాత్రి చలి బాధ కూడా తగ్గుతుంది.

గూడు: వెనక సందా, మేడమీదా

30×40 సైటులో వెనక వదిలే మూడడుగుల సందు పన్నెండు అడుగుల పొడవుంటే 36 చదరపు అడుగులు. రాత్రి పడుకునే గూటిలో కోడికి రెండు చదరపు అడుగులు, పగలు తిరగడానికి కోడికి ఎనిమిది పది చొప్పున లెక్క వేసుకుని, గూటిని ఎత్తులో కట్టి దానికింది చోటు కూడా తిరగడానికి వదిలితే నాలుగింటికి సరిగ్గా సరిపోతుంది. ఎండ పడని సందు అయితే తేమ ఉండిపోయి వాసన వస్తుంది. కాబట్టి రోజుకు రెండు గంటలైనా ఎండ తగిలే వైపు చూడండి.

మేడమీద ఎండకూ గాలికీ కొదవ ఉండదు, వీధికుక్కల భయం లేదు. కానీ ఏప్రిల్‌లో 35 డిగ్రీలు ఉన్నప్పుడు రేకు కింద కోడి ఉడికిపోతుంది. రేకుకు బదులు కొబ్బరిమట్టలు కప్పండి, లేదా రేకుమీద తడి గోనెపట్టాలు వేయండి. పైన పూర్తిగా జాలీ ఉండాలి, బెంగళూరు ఆకాశంలో గద్దలు తక్కువేం లేవు. అద్దె ఇల్లయితే ఓనరును, అపార్ట్‌మెంట్ అయితే అసోసియేషన్‌ను, సొంత ఇల్లయినా వార్డు ఆఫీసును ముందే అడగండి. నాకయితే ఎండ తగిలే సందే మేలనిపిస్తుంది. నేల తవ్వుకుని మట్టిస్నానం చేసే కోడి ముఖంలో ఉన్న హాయి మేడమీది కోడికి దొరకదు.

ఆన్‌లైన్‌లో దొరికే రెడీమేడ్ ఇనుప పంజరం, అడుగున ట్రే ఉన్నది, చూడడానికి శుభ్రంగా ఉంటుంది. దానిలో కోడి ఎప్పుడూ తీగమీద నిలబడాలి, అరికాళ్ళు పుండ్లవుతాయి. ట్రే రోజూ కడగకపోతే ఈగలు, కడిగితే తడి వాసన. దానికంటే నేలమీద అరడుగు మందాన వరిపొట్టు పరిచి, రెండు మూడు రోజులకోసారి కట్టెతో తిరగేసి, తడిసినచోట కాస్త సున్నం చల్లడం మంచిది. పొట్టు పొడిగా ఉన్నంతకాలం వాసన రాదు. చేతిలోకి తీసుకుని పిడికిలి బిగించి వదలండి. విడిపోతే బాగున్నట్టు, ముద్దలా నిలిస్తే మార్చాలి. ఆ పొట్టును రెండు మూడు నెలలు ఎండుటాకులతో కుళ్ళబెట్టాకే మొక్కలకు వేయండి. పచ్చి రెట్ట వేస్తే కరివేపాకు మొక్కయినా మాడిపోతుంది.

జాలీ విషయంలో డబ్బు మిగుల్చుకోవద్దు. ఆరు పలకల కన్నాలున్న పల్చటి కోళ్ళ జాలీ కోడిని లోపల ఉంచుతుందే తప్ప కుక్కను బయట ఆపలేదు. అరంగుళం కన్నాల వెల్డ్ మెష్ కొనండి. పందికొక్కులు, ముంగిసలు కిందనుంచి తవ్వుకొస్తాయి. అందుకని జాలీని నేల దగ్గర బయటివైపుకు ఒక అడుగు మడిచి, మీద మట్టి కప్పి రాళ్ళు పెట్టాలి. చీకటి పడగానే తలుపు గడియ. మామూలు గడియ కాదు, కొక్కెం వేసి దానికి చిన్న తాళమో కొక్కెపు క్లిప్పో పెట్టండి.

తిండి గురించి ఎక్కువ చెప్పేది లేదు. గుడ్లు మొదలయ్యే దాకా గ్రోయర్ దాణా, ఆ తర్వాత లేయర్ దాణా. లేయర్ దాణాలోని సున్నం చిన్న కోళ్ళ మూత్రపిండాలను పాడుచేస్తుంది, కాబట్టి వేర్వేరు వయసులవి కలిపి పెంచేటప్పుడు గ్రోయర్ దాణా పెట్టి, ఆల్చిప్పల పొడి వేరే గిన్నెలో ఉంచండి. అవసరమైన కోడే దాన్ని తింటుంది. బూజు పట్టిన పల్లీలు, మొక్కజొన్న, ఉప్పు ఎక్కువైన కూరలు పెట్టొద్దు. చలికాలంలో గుడ్ల కోసం రాత్రిళ్ళు లైటు వేయాల్సిన అవసరం కూడా లేదు. ఇక్కడ డిసెంబరులోనూ పగలు 11 గంటలకు పైనే ఉంటుంది. ఏడాదికోసారి ఈకలు రాల్చే వారాల్లో గుడ్లు ఆగితే ఆగనివ్వండి.

బర్డ్ ఫ్లూ మాట వినగానే భయపడేవాళ్ళున్నారు. భయం కంటే జాగ్రత్త ముఖ్యం. 2012లో హెసరఘట్ట కేంద్రంలోనే వచ్చింది, 2025లో చిక్కబళ్ళాపుర జిల్లాలో వచ్చింది. కాకులు, పావురాలు దాణా దగ్గరకు, నీళ్ళ దగ్గరకు రాకుండా చూడడం మన చేతుల్లో ఉన్న పని. ఒకటి రెండు రోజుల్లో రెండు మూడు కోళ్ళు ఉన్నట్టుండి చనిపోతే పారేయకుండా, కోయకుండా, పశువైద్యశాఖకు చెప్పండి. వానలు వెలిశాక దోమల వల్ల కోళ్ళకు మశూచి వస్తుంది, తురాయి మీద నల్లటి పొక్కులు కనబడతాయి. దానికి టీకా ఉంది, ఎదిగినవి కొనేటప్పుడు అది కూడా వేశారా అని అడగండి.

సంక్రాంతికి ఊరెళ్ళే ఇళ్ళు ఒకటి ఆలోచించుకోవాలి. వేలాడే దాణా డబ్బా, నిపుల్ ఉన్న నీళ్ళ డబ్బా పెడితే రెండు రోజులు గడుస్తాయి. వారమంటే మనిషి కావాలి. వీధిలో పండక్కి ఊరికి పోని కన్నడ కుటుంబం ఒకటి ఉంటే, ఆ వారం గుడ్లన్నీ వాళ్ళవేనని చెప్పి తాళం ఇవ్వండి. మా వీధిలో ఇలాగే నడుస్తోంది. వాళ్ళు ఉగాదికి ఊరెళితే వాళ్ళ మొక్కలకు మేం నీళ్ళు పోస్తాం.

కొనేరోజు తొందరపడకండి. ముక్కు రంధ్రాలు పొడిగా ఉన్నాయా, కళ్ళు పూర్తిగా తెరిచి చూస్తోందా, తోక కింద రెట్ట అంటుకుని ఉందా చూడండి. రెక్క ఎత్తి ఈకల మొదట్లో పేలు కదులుతున్నాయేమో చూడండి. నాలుగూ ఒకేచోట, ఒకే వయసువి తీసుకోండి. తర్వాత ఒక్కదాన్ని తెచ్చి కలిపితే మిగతావి పొడిచి చంపినంత పని చేస్తాయి. సాయంత్రం ఇంటికి చేరేలా బయల్దేరి, చీకటి పడ్డాక నేరుగా గూటిలోని కర్రమీద కూర్చోబెట్టండి. మూడు నాలుగు రోజులు గూడు, జాలీ దాటి బయటికి వదలొద్దు. ఆ తర్వాత ఒక సాయంత్రం, చీకటి పడడానికి ఓ గంట ముందు, తలుపు తీయండి. చుట్టూ తిరిగి, పొద్దువాలేసరికి వాటంతటవే గూటికి వస్తాయి.